పుకారు మీద చట్టం



శనివారం వచ్చిందంటే రావులపాలెం దాటిన ప్రతి బస్సూ, ప్రతి ఆటో వాడపల్లి వైపే. ఏడు శనివారాలు, ఏడేసి ప్రదక్షిణలు చేస్తామని మొక్కుకున్నవాళ్ళతో గౌతమి ఒడ్డు నిండిపోతుంది. ఆ వెంకన్న గుడి రథం చుట్టూ 1931లో తుపాకులు పేలాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆన్‌లైన్‌లో అబద్ధపు ప్రచారం గురించి, దాన్ని ఆపడానికి వచ్చిన చట్టాల గురించి, దేశభద్రత గురించి. మొదలు మాత్రం ఆ రథం దగ్గరే పెట్టాలి.

1931 మార్చి 30, చైత్ర శుద్ధ ఏకాదశి. స్వామివారి రథోత్సవం. జనం రథం మీద గాంధీగారి పటం పెట్టారు, జాతీయ జెండా కట్టారు. గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరి అప్పటికి నెల కూడా కాలేదు. భగత్‌సింగ్‌ను ఉరితీసి వారమైంది. పోలీసులు పటం తీసేయమన్నారు, జనం తీసేది లేదన్నారు. కాల్పులు జరిగాయి, ఉత్సవానికి వచ్చినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే వారంలో కరాచీలో కాంగ్రెస్ మహాసభ నడుస్తోంది. రేపటి స్వతంత్ర దేశంలో ప్రతి పౌరుడికీ భావప్రకటన స్వేచ్ఛ ఉండాలని ప్రాథమిక హక్కుల తీర్మానం చేసింది ఆ సభే.

ఆనాటి ప్రభుత్వం కంటికి ఆ పటం ప్రమాదకరమైన ప్రచారం. రథం మీద దాన్ని ఊరేగనిస్తే శాంతిభద్రతలు చెడతాయని అది భావించింది. శాంతిభద్రతలు, రాజ్య భద్రత అన్న మాటలు ఈనాటి చట్టాల్లోనూ ఉన్నాయి. స్వతంత్ర దేశంలో ఆ మాటలకు విలువుంది, అవసరమూ ఉంది. కానీ వాటిని ఎవరు, ఎవరి మీద, ఎవరి అనుమతితో వాడుతున్నారన్నది చూసుకోకపోతే ఏం జరుగుతుందో వాడపల్లి వాళ్ళు తొంభై ఏళ్ళ కిందటే చూశారు.

పుకారు ఏం చేయగలదన్న రెండో వైపు కూడా మన జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న జిల్లా పేరులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే రాయండని 30 రోజుల గడువు పెట్టింది. అందులో వారం కూడా గడవకుండానే, మే 24న, అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి నిప్పు పెట్టారు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ పెట్టారు. బస్సులు కాలాయి, పోలీసులు గాయపడ్డారు. ఎప్పుడు, ఎక్కడికి రావాలన్నది వాట్సాప్ గ్రూపుల్లో చెప్పుకుని జనం పోగయ్యారని పోలీసులు చెప్పారు.

అల్లర్లకు వాట్సాపే కారణం అంటే అదే ఒక అబద్ధపు ప్రచారం అవుతుంది. కులాల మధ్య మన ఊళ్ళలో ఎంత కాలంగానో నానుతున్న కోపాలు, భయాలు ఆ రోజు రోడ్డెక్కాయి. అయితే ఆ కోపాన్ని గంటల్లో ఒకచోట చేర్చే సాధనం మాత్రం ప్రతి జేబులోనూ ఉంది. అందుకే పుకారు మీద చట్టం అవసరం లేదు, ఎవరికి తోచింది వాళ్ళు పంపుకోవచ్చు అనే వాదన నేను ఒప్పుకోను. అమలాపురం వీధుల్లో ఆ పొగ చూసినవాళ్ళెవరూ ఒప్పుకోరు.

మంటలు ఆరాక ఏం చేశారు? నెట్ కట్ చేశారు. కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. కరోనా తర్వాత ఇంటి నుంచే ఉద్యోగాలు చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, యానాం వైపు సిగ్నల్ అందుతుందని గోదావరి గట్టు ఎక్కి కూర్చున్నారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. చిల్లర డబ్బు అలవాటు తప్పిపోయిన కిరాణా కొట్లలో ఫోన్‌తో కట్టేవాళ్ళు ఇబ్బంది పడ్డారు. పుకారు మాత్రం ఆగలేదు. పుకారుకు నెట్ అక్కర్లేదు, నోరుంటే చాలు. సెల్ టవర్ లేని కాలంలోనూ అది టీకొట్టు దగ్గర బయల్దేరి రేవు దాటి పోయేది. ఆగిపోయిందల్లా దానికి జవాబు. కలెక్టరు ప్రకటన, ఎస్పీ ఖండన, ఫలానా ఊళ్ళో ఏమీ జరగలేదని అక్కడివాడు తీసి పంపే వీడియో, ఇవేవీ ఫోన్లకు చేరలేదు.

మా ప్రాంతంలో భద్రత అంటే సరిహద్దులో కాపలా ఒక్కటే అనుకోలేం. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పటి సంగతులు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా చెప్తుంటారు. 2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. నెట్ ఆపేసిన రోజులకూ, ఆ వరదకూ మధ్య ఎడం కొన్ని వారాలే. ఆ ఉత్తర్వు కాస్త ఆలస్యంగా వచ్చి జులైలో అమల్లో ఉండి ఉంటే, లంక గ్రామాలకు మూడో హెచ్చరిక ఏ దారిన వెళ్ళేది? పైగా ఇది నేల కింద గ్యాసున్న ప్రాంతం. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఊరు కాలింది. అక్కడ ఎవడైనా అర్ధరాత్రి గ్యాస్ లీకైందని ఒక ఆడియో వదిలితే పిల్లాజెల్లాతో జనం చీకట్లో రోడ్డున పడతారు. నిజంగా లీకైన రోజున నాలుగు అబద్ధాలు విని విసిగిపోయినవాళ్ళు కదలకుండా కూర్చుంటారు. రెండూ ప్రాణాంతకమే.

నెట్ ఆపడానికి కూడా చట్టం ఉంది. 2017లో వచ్చి 2024 దాకా అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాల్సి ఉండేది, దాన్ని ఒక కమిటీ సమీక్షించాల్సి ఉండేది. 2020 జనవరి 10న, కశ్మీర్‌లో నెట్ నిలిపివేత మీద దాఖలైన అనురాధా భాసిన్ కేసులో, సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. నిరవధికంగా ఆపడానికి వీల్లేదు. ముప్పు ఎంతో ఆంక్ష అంతే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఉత్తర్వును ప్రజలకు తెలిసేలా ప్రచురించాలి. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ. మన ఫోన్ ఎందుకు మూగబోయిందో రాతపూర్వకంగా తెలుసుకునే హక్కు మనకుంది. ఆ హక్కు ఉన్నట్టు మనలో ఎంతమందికి తెలుసు, ఎంతమంది అడిగారు అన్నది వేరే సంగతి.

ఇక పుకారు పుట్టించినవాడికీ, పంపినవాడికీ శిక్ష వేసే చట్టాలు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 353వ సెక్షన్ అబద్ధపు సమాచారం, పుకారు గురించి నేరుగా మాట్లాడుతుంది. సైనికుణ్ణి విధి తప్పేలా చేసేది, జనంలో భయం పుట్టించేది, ఒక వర్గాన్ని మరో వర్గం మీదికి ఉసిగొల్పేది పంపితే మూడేళ్ళ దాకా జైలు. ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా అనే మాట కూడా ఇప్పుడు చేర్చారు.

ఈ సెక్షన్ గురించి ఒక అనుభవం చెప్తాను. నేను వకీలుని. కొత్తపేట దగ్గరి పల్లె నుంచి ఒక రైతు, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. ఏదో గ్రూపులో వచ్చిన ఆడియోను ఇంకో గ్రూపుకు పంపాడని స్టేషన్ నుంచి నోటీసు వచ్చింది. తండ్రి కూర్చోలేదు. నిలబడే అన్నాడు: "ఆయ్, మావోడు రాయలేదండి బాబూ. వచ్చింది తోసేశాడంతే. ఊరందరూ తోసేశారండి."

ఆడియో పెట్టమన్నాను. ఒక ఆడగొంతు, ఏడుపు. పక్క ఊళ్ళో మనవాళ్ళను కొట్టేస్తున్నారు, అందరూ రండి అని. ఏ ఊరో లేదు, ఏ తేదీయో లేదు. ఫోన్ తెర మీద ఆ మెసేజ్ పైన రెండు బాణం గుర్తులు పక్కపక్కన ఉన్నాయి. ఐదు చేతులు, అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చిన మెసేజ్‌కు వాట్సాప్ పెట్టే గుర్తు అది. అలాంటిదాన్ని 2020 నుంచి ఒకసారికి ఒక్క మనిషికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలం. ఆ గుర్తుకు అర్థం ఏమిటో కుర్రాడికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. అప్పుడు తండ్రి మళ్ళీ ఆడియో పెట్టించుకుని విన్నాడు. విని కొడుకు వైపు తిరిగి, "ఒరే, ఆ మాట మన గోదారోళ్ళ మాటేనంట్రా? మనోళ్ళెవరైనా అట్టా ఏడుస్తారా?" అన్నాడు. నిజమే, ఆ యాస మనది కాదు. ఎక్కడో ఎప్పుడో జరిగిన వేరే గొడవకు సంబంధించిన గొంతు మన గ్రూపుల్లోకి వచ్చి పడింది.

353వ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. చెప్పింది నిజమని నమ్మడానికి సరైన కారణం ఉండి, సదుద్దేశంతో, రెచ్చగొట్టే ఆలోచన లేకుండా పంపితే అది నేరం కాదు. ఆ కుర్రాడి వ్యవహారంలో మాకు ఆధారం అదే. ఈ మినహాయింపు చట్టం చేసినవాళ్ళ వివేకానికి గుర్తు. పుట్టించినవాడు వేరు, మోసినవాడు వేరు అని చట్టానికి తెలుసు. అదే సంహితలో 197వ సెక్షన్ కింద, దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు, భద్రతకు చేటు తెచ్చే అబద్ధపు సమాచారమే గాక తప్పుదోవ పట్టించే సమాచారం ప్రచురించినా మూడేళ్ళ దాకా శిక్ష. అక్కడ ఈ మినహాయింపు రాయలేదు. తప్పుదోవ పట్టించేది అంటే ఎంతవరకు, ఎవరి లెక్కన అన్నదీ రాయలేదు. ఇక దేశ సమైక్యతను ప్రమాదంలో పెట్టే మాటల మీద ఉన్న 152వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడొచ్చు. పాత రాజద్రోహ సెక్షన్ 124ఎ పోయిందన్నారు గానీ దాని బరువు చాలామటుకు ఇందులోకి వచ్చి చేరింది.

ఆ 124ఎ మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును 1908లో ఆ సెక్షన్ కిందే జైలుకు పంపారు. స్వతంత్రం వచ్చాకా అది పుస్తకంలో అలాగే ఉండిపోయింది. చివరికి 2022 మే 11న దాన్ని పక్కన పెట్టమని ఉత్తర్వు ఇచ్చిందీ జస్టిస్ రమణ నేతృత్వంలోని ధర్మాసనమే. అమలాపురం మంటలకు అప్పటికి రెండు వారాల వ్యవధి కూడా లేదు.

ఆన్‌లైన్ మాటల మీద మన దేశం పెట్టిన పెద్ద ఆంక్షల్లో ఒకటి ఐటీ చట్టంలోని 66ఎ. చిరాకు కలిగించినా, ఇబ్బంది పెట్టినా నేరమే అంది అది. 2013లో చీరాల ఎమ్మెల్యే మీదా, అప్పుడు తమిళనాడు గవర్నరుగా ఉన్న రోశయ్య మీదా ఫేస్‌బుక్‌లో రాసిందని ఒక పౌరహక్కుల కార్యకర్తను ఆ సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు, ఉన్నత స్థాయి పోలీసు అధికారి అనుమతి లేనిదే 66ఎ కింద ఎవరినీ అరెస్టు చేయొద్దన్న కేంద్రం సూచనను రాష్ట్రాలన్నీ పాటించాలంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టేసింది. కొట్టేసిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. చిత్రమేమిటంటే, కొట్టేసిన తర్వాత ఏళ్ళ తరబడి దేశంలో చాలా స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే వచ్చారు. ఆ కేసులన్నీ ఎత్తేయమని 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చట్టం చచ్చినా స్టేషన్ అలవాటు చావలేదు.

రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా ఈ కథ ఒకేలా నడవడం నాకు బాధగా ఉంటుంది. 2019 అక్టోబరు 30న 2430 నంబరు జీవో వచ్చింది. ప్రభుత్వం మీద అబద్ధపు వార్తలు వస్తే ఆయా శాఖల కార్యదర్శులే కేసులు పెట్టించవచ్చని దాని సారాంశం. 2021 మేలో, వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు నరసాపురం ఎంపీగా ఉన్న రఘురామకృష్ణరాజును రాజద్రోహం కింద అరెస్టు చేశారు. రెండు తెలుగు వార్తా చానళ్ళ మీదా అదే కేసు. మే 31న సుప్రీంకోర్టు ఆ చానళ్ళ మీద చర్యలు తీసుకోకుండా ఆపుతూ, రాజద్రోహానికి హద్దులు నిర్ణయించాల్సిన సమయం వచ్చిందంది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివర్లో అవతలి పార్టీ సోషల్ మీడియా కార్యకర్తల మీద వరసగా కేసులు, అరెస్టులు. ఆ పోస్టుల్లో ఆడవాళ్ళ మీద రాసిన రోతరాతలు, మార్ఫింగ్ ఫొటోలు ఉన్నమాట వాస్తవం. వాటికి శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వాటితోపాటు ఉత్త విమర్శ రాసినవాడినీ ఒకే గాటన కట్టి రాత్రికి రాత్రి జిల్లాలు దాటించడం మొదలైతే, ఆ చట్టం మీద జనానికి గౌరవం పోతుంది. 2025 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా కేసుల్లో కళ్ళు మూసుకుని రిమాండుకు పంపొద్దని, సుప్రీంకోర్టు తీర్పులు పాటించాలని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కూడా, పోస్టు మీద ఫిర్యాదు రాగానే ఎఫ్ఐఆర్ కట్టకుండా ముందు విచారించమని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇదంతా మామూలు రోజుల మాట. యుద్ధం వస్తే? 2025 మేలో ఆ నాలుగు రోజులు గుర్తు చేసుకోండి. పహల్గాం దాడి తర్వాత, మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. పాకిస్తాన్ సైబర్ దాడి వల్ల ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని మన ఫోన్లలోకి మెసేజ్ వచ్చింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ చెప్పింది. మన యుద్ధవిమానం నడిపే మహిళను పట్టుకున్నారని ఇంకొకటి, అదీ అబద్ధమే. వీడియో గేముల్లోని దృశ్యాలు యుద్ధంగా చూపించారు. శత్రుదేశం నుంచి వచ్చిన అబద్ధాలు ఒకెత్తు. మన నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసిందని మన దేశపు చానళ్ళే కొన్ని రాత్రంతా చెప్పాయి. అదీ జరగలేదు. ఆ రోజుల్లోనే శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీనాయక్, సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైపోయాడు. కొడుకును సైన్యానికి పంపిన ఇంట్లో టీవీ పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఏది నిజమో తెలియనివ్వకపోవడం ఎంత పెద్ద అన్యాయమో ఆలోచించండి. అబద్ధం దేశభక్తి రంగు పులుముకున్నా అబద్ధమే. అది సైనికుణ్ణి కాపాడదు.

ఆ సమయంలో ప్రభుత్వం వాడిన ఆయుధం ఐటీ చట్టంలోని 69ఎ. దేశ సార్వభౌమత్వం, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, ఈ కారణాల మీద ఖాతాలు, సైట్లు, యాప్‌లు ఆపేయవచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను ఆపింది దీనికిందే. 2025 మేలో 8,000కు పైగా ఖాతాలు మూయమన్నారని ఎక్స్ సంస్థ ప్రకటించింది. చాలా వాటికి ఏ పోస్టు వల్లనో తమకు చెప్పలేదని కూడా అంది. ఆ ఖాతాల్లో శత్రువులవి ఉంటే మూయాల్సిందే. యుద్ధం జరుగుతుండగా వారాల తరబడి విచారణ చేయమని ఎవరూ అడగరు. కానీ యుద్ధం ఆగాక అయినా ఎవరిని ఎందుకు ఆపారో వాళ్ళకు చెప్పాలి, వాళ్ళు కోర్టుకు వెళ్ళగలగాలి. 69ఎ నిబంధనల్లో ఫిర్యాదునూ, చర్యనూ రహస్యంగా ఉంచాలని ఉంది. ఆ రహస్యం వెనక నిజమైన గూఢచారీ ఉండొచ్చు, ప్రభుత్వాన్ని నిలదీసిన విలేకరీ ఉండొచ్చు. బయట ఉన్న మనకు తేడా తెలిసే దారి లేదు.

ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైన ప్రశ్న, ఏది అబద్ధమో ఎవరు తేల్చాలి అన్నది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ నిబంధనలు సవరించి, తన పనుల గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో తేల్చే అధికారం తన విభాగానికే ఇచ్చుకుంది. దాన్ని సవాలు చేస్తే బొంబాయి హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. 2024 మార్చి 20న ఆ విభాగాన్ని నోటిఫై చేస్తే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబరు 20న మూడో న్యాయమూర్తి ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తీర్పు నాకు సబబుగా తోస్తుంది. పీఐబీ ఫలానా మెసేజ్ అబద్ధమని చెప్పడం మంచి పని, ఇంకా వేగంగా, తెలుగులో చెప్తే ఇంకా మంచిది. ఏటీఎంల మెసేజ్ మీద అది చేసింది సేవ. కానీ అది చెప్పిందే తీర్పుగా మారి, ఆ మాట మీద మన రాత చెరిగిపోయే ఏర్పాటు ఉంటే, కేసులో ఒక పక్షమే న్యాయమూర్తి అయినట్టు.

నిజం ఆలస్యం కావడం పుకారుకు ఎంత బలమిస్తుందో చెప్పడానికి బ్రిటన్‌లో జరిగింది చూడండి. 2024 జులై 29న సౌత్‌పోర్ట్ ఊళ్ళో ముగ్గురు చిన్నపిల్లలను కత్తితో పొడిచి చంపారు. నిందితుడు మైనరు కాబట్టి అక్కడి చట్టం ప్రకారం పేరు చెప్పలేదు. ఆ ఖాళీలో ఎవరో ఒక కల్పిత పేరు పెట్టి, ఆశ్రయం కోరి వచ్చిన వలసదారుడంటూ ప్రచారం చేశారు. ఊళ్ళకు ఊళ్ళు అల్లర్లు. పుకారు పెరగకూడదనే ఆలోచనతో చివరికి న్యాయమూర్తే అసలు పేరు చెప్పడానికి అనుమతించారు. అబద్ధం తెలిసి పంపడాన్ని నేరంగా చేసిన కొత్త చట్టం అప్పటికే అక్కడ అమల్లో ఉంది. చట్టం ఉండటం వేరు, నిజం టైముకు అందటం వేరు. సింగపూర్ 2019లో మంత్రులకే దిద్దుబాటు ఆదేశాలిచ్చే అధికారం ఇచ్చింది. ఆ దారి మనకు వద్దు.

మనకు దగ్గరలోనే మేలైన ఉదాహరణ ఉంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్ నిండా వీడియోలు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. నిజామాబాదు, భువనగిరి వైపు కూడా అమాయకులు చనిపోయారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారంటే, ఊరికొక పోలీసును కేటాయించి, ఆ ఊరి గ్రూపుల్లో వాళ్ళను చేర్చారు. డప్పు కొట్టించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి రచ్చబండల దగ్గర పాడించారు. ఈ వీడియో ఎక్కడిదో, ఎలా అతికించారో చూపించారు. తన పరిధిలోని వందల ఊళ్ళలో ఒక్క ప్రాణమూ పోకుండా కాపాడుకున్నారు. అందుకు కొత్త సెక్షన్ ఏదీ అవసరం కాలేదు. ఊరికి తెలిసిన మనిషి, ఊరి భాషలో, పుకారు కంటే ముందు వెళ్ళి చెప్పాడు. దేశభద్రత గురించి ఢిల్లీలో ఎన్ని సెమినార్లు పెట్టినా, ఆ గద్వాల పోలీసు ఊళ్ళో నిలబడి చేసిన పని కంటే గట్టి పాఠం దొరకదని నా నమ్మకం.

ఇప్పుడు చట్టాల కాలం మళ్ళీ నడుస్తోంది. 2025లో కర్ణాటక ప్రభుత్వం అబద్ధపు వార్తల మీద బిల్లు ముసాయిదా తయారు చేసింది, ఏడేళ్ళ దాకా జైలు ప్రతిపాదించింది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా సోషల్ మీడియా జవాబుదారీతనం మీద పరిశీలనకు మంత్రుల బృందాన్ని వేసింది. చట్టం రావచ్చు. వస్తే అందులో ఏముండాలో అడిగే హక్కు మనది. తెలిసి పుట్టించిన అబద్ధానికీ, దానివల్ల కళ్ళెదుట కనిపించే హానికీ ముడిపెట్టి నేరం నిర్వచించాలి. నమ్మి పంపిన కుర్రాడికి 353లో ఉన్న మినహాయింపు అందులోనూ ఉండాలి. ఏది అబద్ధమన్న తీర్పు అధికారంలో ఉన్నవాళ్ళతో సంబంధం లేని చోట, రిటైరైన న్యాయమూర్తి ఉన్న చోట, కారణాలు రాసి ఇవ్వాలి. ఖాతా మూస్తే ఆ మనిషికి చెప్పాలి. జిల్లాలో గొడవ మొదలైతే గంటలోపు కలెక్టరు, ఎస్పీ తెలుగులో మాట్లాడిన ఆడియో ప్రతి గ్రామ సచివాలయం గ్రూపుకూ చేరాలి. ఆ బాధ్యతను కూడా అదే చట్టంలో, పౌరుడికి పెట్టిన శిక్ష పక్కనే రాయాలి.

ముసాయిదా బయటికి వచ్చిన రోజు చదవండి. మీ మండల కేంద్రంలో తెలిసిన వకీలు ఉంటే అర్థం చెప్పించుకోండి, అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి పంపండి. నేను రాసేది ఇప్పుడే చెప్తున్నాను. నెట్ ఆపే ప్రతి ఉత్తర్వూ, ఎవరు ఇచ్చారో, ఎందుకిచ్చారో, ఎన్ని రోజులకో రాసి, అదే రోజు, తెలుగులో, ప్రతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించాలని రాస్తాను. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో నదీతీర మండలాల్లో నెట్ ఆపకూడదని కూడా రాస్తాను.